శుక్రుని దరిచేరుట వృథాప్రయాసయా?

సీసమును కరగించు వేడిమి, సముద్రగర్భమును తలపించు పీడనము, ఆమ్లబిందువులతో నిండిన మేఘములు. ఇట్టి పొరుగులోకమునకు నౌకలను పంపి మానవుడు సాధించినదేమి, ఇక సాధింపగలదేమి? 2028లో భారతనౌక బయలుదేరనున్న తరుణమున ఒక విచారణ.

సూర్యాస్తమయానంతరము పడమటి దిక్కునగాని, సూర్యోదయమునకు ముందు తూర్పు దిక్కునగాని, చంద్రుని తరువాత మఱి యే జ్యోతికిని లేనంతటి కాంతితో వెలుగొందు శుక్రుడు మన జనజీవనమున ఎంతగా పెనవేసికొనిపోయినాడనగా, ఆయన సూర్యునికి చేరువయై కంటికి కానరాకుండు దినములలో పెండ్లిండ్లు నిలిచిపోవును, గృహప్రవేశములు వాయిదాపడును, మేళగాండ్రకును వంటవారికిని పని కఱవగును. మూఢము ఎన్నడు విడుచునా యని పంచాంగము తిరుగవేయు కన్యాదాత ఎఱిగిన శుక్రుడొకడు; బలిచక్రవర్తి దానధార పడకుండ కలశరంధ్రమునకు అడ్డుపడి కన్ను గోల్పోయిన దైత్యగురువుగా పోతన భాగవతమును చదివినవారెఱిగిన శుక్రుడొకడు; గడచిన అరువదేండ్లకు పైగా అంతరిక్షనౌకలు చూచివచ్చి చెప్పుచున్న శుక్రుడు వీరిరువురికిని పోలిక లేని మఱియొకడు.

ఈ మూడవ శుక్రుడు పరిమాణమున భూమికి దాదాపు సమానుడు. భూమి వ్యాసము 12,756 కిలోమీటర్లు కాగా అతని వ్యాసము 12,104 కిలోమీటర్లు. ద్రవ్యరాశి భూమి ద్రవ్యరాశిలో ఐదింట నాలుగు పాళ్లు. మనకు మిక్కిలి చేరువైనపుడు సుమారు 4 కోట్ల కిలోమీటర్ల దూరమున నుండును, మఱి యే గ్రహమును ఇంత దగ్గఱకు రాదు. ఇంతటి సమీపబంధువు నేలపై వేడిమి 465 డిగ్రీల సెంటిగ్రేడు. వాయుపీడనము మన భూతలముపై నున్నదానికి 92 రెట్లు, అనగా సముద్రమున 900 మీటర్ల లోతునకు మునిగినవానిపై పడు భారము. ఆ వాయువులో నూటికి 96 పాళ్లకు మించి, నేటివారు కార్బన్ డయాక్సైడ్ అని వ్యవహరించు బొగ్గుపులుసు వాయువే. ఆకాశమంతయు కప్పివేసిన మేఘములు గంధకికామ్లపు తుంపరలు. మానవుడు కాలుమోపుట కలలోని మాట. యంత్రములే రెండు గంటలు బ్రదికిన గొప్ప.

ఇట్టి చోటికి కోట్ల ధనమును, మేధావుల జీవితకాలములను వెచ్చించుట వివేకమా యను ప్రశ్న ఇప్పుడు మనకు పరాయివారి ప్రశ్న కాదు. 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గము శుక్రుని చుట్టును పరిభ్రమింపగల నౌక నొకదానిని నిర్మించుటకు 1,236 కోట్ల రూపాయల వ్యయమును ఆమోదించెను. 2028 మార్చిలో ప్రయోగింపవలెనని సంకల్పము. భారతీయ నౌకలకు రేవైన శ్రీహరికోట తెలుగుగడ్డపై నున్నది. వెచ్చించు ధనము పన్ను చెల్లించు ప్రతి పౌరునిది. కావున ఈ పని తగునా తగదా యని మనము అడిగి తెలిసికొనుట న్యాయము.

మేఘముల మాటున మూడు శతాబ్దులు

1610లో గెలీలియో తన దూరదర్శినితో శుక్రుని వృద్ధిక్షయకళలను చూచినది మొదలు, 1962లో తొలి నౌక ఆ గ్రహమును సమీపించి వార్త పంపువఱకు, మూడున్నఱ శతాబ్దులపాటు మానవుడు చూచినది మేఘములనే కాని నేలను కాదు. 1761లో శుక్రుడు సూర్యబింబమునకు అడ్డముగా నడచినపుడు, రష్యా పండితుడు మిఖయిల్ లొమొనోసోవ్ గ్రహపు అంచున మెఱసిన సన్నని కాంతిరేఖను గమనించి, దానికి వాతావరణము కలదని సరిగానే ఊహించెను. ఆ వాతావరణమెట్టిదో చెప్పుటకు మాత్రము ఆనాటి సాధనములలో నొకటియు చాలదు.

ఆ దర్శనము కొఱకు మనుష్యులు పడిన పాట్లకు ఫ్రెంచి ఖగోళజ్ఞుడు గియోమ్ ల జాంతీ చరిత్ర పరమోదాహరణము. శుక్రుడు సూర్యబింబమును దాటు క్షణములను భూమిపై దూరదూరమున నున్న స్థలములనుండి గుర్తించి పోల్చినచో సూర్యునికిని మనకును గల దూరము తేలునని ఎడ్మండ్ హేలీ చూపిన మార్గము ననుసరించి, 1760లో అతడు పుదుచ్చేరికి ఓడ యెక్కెను. దరి చేరకమునుపే ఆ పట్టణము ఆంగ్లేయుల వశమైనందున, 1761 జూన్ 6న ఊగిసలాడు ఓడపైనుండి ఆ దృశ్యమును చూచెనే గాని లెక్కకు పనికివచ్చు కొలతను తీయలేకపోయెను. అంతట స్వదేశమునకు మరలక, ఎనిమిదేండ్లు తూర్పుసముద్రములయందే గడపి, 1769లో పుదుచ్చేరియందే వేధశాలను అమర్చుకొని నిరీక్షింపగా, సరిగా ఆ వేళకు మబ్బు క్రమ్మి సూర్యుడే కానరాలేదు. పదునొకండేండ్ల కతడు ఇల్లు చేరునప్పటికి, మరణించెనని తలచిన వారసులు ఆస్తి పంపకములలో నుండిరి. శాస్త్రపరిషత్తులోని అతని పీఠము మఱియొకరి పాలయ్యెను.

ఒక్కని దుర్విధి ఇట్లుండగా, ఆ రెండు సందర్భములందును లోకమున నలుమూలల నిలిచి చూచినవారి కొలతలనెల్ల కలిపి గణించినపుడు, సూర్యదూరము నేటి విలువకు నూటికి రెండు మూడు పాళ్ల తేడాలోనికి వచ్చెను. సౌరకుటుంబపు కొలబద్ద మనుష్యజాతి చేతికి మొదట చిక్కినది ఇట్లే. ఈ కృషిలో మనవారి పాలు లేకపోలేదు. గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్టణమున నెలకొల్పిన వేధశాలనుండి ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యుని దాటుటను పరిశీలించి, ఆ వివరములను ఇంగ్లండులోని రాయల్ ఖగోళసంఘమునకు పంపెను. అదే సంవత్సరమున మదరాసు వేధశాలలోని చింతామణి రఘునాథాచార్యులు ఆ ఘటనను సామాన్యులకు వివరించుచు పుస్తకము వ్రాసి, పలు దేశభాషలలో వెలువడునట్లు చేసెను. శుక్రుని కొఱకు శ్రమపడుట ఈ దేశమున నిన్నమొన్న పుట్టిన వేడుక కాదు.

దూరమునుండి చూచుట ఎంతవఱకు పనికివచ్చునో, ఎచ్చట మోసపుచ్చునో తెలియుటకు స్వీడన్ శాస్త్రజ్ఞుడు స్వాంటె అర్హీనియస్ ఊహ చాలును. నోబెల్ బహుమానము నందిన ఆ మహాశయుడు, మేఘములున్నచోట నీరుండవలెననియు, నీరును వెచ్చదనమును కలిసినచోట చిత్తడినేలలును దట్టమైన వృక్షజాలమును ఉండవలెననియు తర్కించి, శుక్రుడు నిరంతరము తడిసియుండు అడవిలోకమని 1918 ప్రాంతమున చిత్రించెను. తర్కమున లోపము లేదు. మేఘములు నీటివే యనుకొన్న మొదటి మెట్టు ఒక్కటే తప్పు. ఆ యొక్క మెట్టు తప్పుటచేత శాస్త్రలోకమున నొక భాగము నలుబదియేండ్లు ఒక పచ్చని స్వప్నమును మోసికొని తిరిగెను.

చక్కెర తాళము

1956లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలవారు రేడియో దూరదర్శినితో చూడగా శుక్రునినుండి మూడువందల డిగ్రీలకు మించిన వేడిమిని సూచించు తరంగములు వచ్చుచున్నట్లు తెలిసెను. ఆ వేడిమి నేలదా, పైనున్న వాయుమండలముయొక్క మాయయా యని వాదము చెలరేగినది. 1962 డిసెంబరు 14న అమెరికా నౌక మ్యారినర్-2 సుమారు 35 వేల కిలోమీటర్ల దూరమునుండి శుక్రుని దాటిపోవుచు, నలుబది రెండు నిమిషములపాటు పరీక్షించి, వేడిమి నేలదేయని తీర్పు చెప్పెను. మానవుడు పంపిన యంత్రము మఱియొక గ్రహమును దర్శించి వార్త చెప్పుట అదియే మొదలు. ఆ మొదటి వార్తయే ఒక నందనవనమును దగ్ధము చేసినది.

అయినను ఆశ యంతటితో చావలేదు. 1967లో సోవియట్ శిల్పులు వెనీరా-4 అను నౌకను సిద్ధపఱచుచు, అది ఒకవేళ సముద్రమున దిగినచో తేలునట్లు చేసి, ఒక తాళమును చక్కెరతో నిర్మించిరి. నీరు తగిలినంతనే చక్కెర కరగును, తాళము ఊడును, వార్తలను పంపు తంత్రి విచ్చుకొనును. ఆ చక్కెర తాళమునకు నీటిబొట్టు తగులు యోగము పట్టలేదు. అక్టోబరు 18న వాయుమండలమున ప్రవేశించి, గొడుగు సాయమున తొంబది మూడు నిమిషములు దిగుచు, ఆ గాలి దాదాపుగా బొగ్గుపులుసు వాయువే యని చెప్పి, నేలకు ఇంకను పాతిక కిలోమీటర్లు ఎత్తున నుండగనే మూగవోయినది. శుక్రుని గాలిబరువును తక్కువగా అంచనా వేసి దానిని కట్టుటయే అందుకు కారణము.

తరువాతి కథ ఒక్కొక్క ఓటమినుండి ఒక్కొక్క పాఠమును నేర్చుకొన్న శిల్పుల కథ. టైటానియము కవచముతో దృఢముగా కట్టిన వెనీరా-7, 1970 డిసెంబరు 15న దిగునపుడు గొడుగు చెడి నేలను బలముగా తాకగా, సంకేతము ఆగిపోయినదనియే అందఱును తలచిరి. తరువాత నాదఫలకములను తిరిగి వినినపుడు, మామూలులో నూరవవంతునకు క్షీణించిన స్వరముతో అది ఇరువది మూడు నిమిషములు మాటలాడినట్లు బయటపడెను. పరగ్రహపు నేలనుండి వచ్చిన మొదటి మాట అది. 1975 అక్టోబరు 22న వెనీరా-9 పంపిన ఛాయాచిత్రమున, వాడియైన అంచులుగల చదునైన రాళ్లు కాలిదాపున పడియున్నట్లు స్పష్టముగా కానవచ్చెను. 1982 మార్చి 1న దిగిన వెనీరా-13 ముప్పది రెండు నిమిషములు పనిచేసిన చాలునని నిర్ణయింపబడినదై, నూట ఇరువది యేడు నిమిషములు బ్రదికి, నారింజవన్నె ఆకాశము క్రింద నేలయొక్క వర్ణచిత్రములను పంపి, రాతిని తొలిచి లోనికి తీసికొని పరీక్షించి, అది మన నల్లరాతికి దగ్గఱ చుట్టమని చెప్పినది. నాలుగు దినముల పిమ్మట దిగిన దాని సహోదరి వెనీరా-14, నేల గట్టిదనమును కొలుచుటకు చాపిన చేయి సరిగా తన కెమెరానుండి ఊడిపడిన మూతపైనే పడుటచేత, శుక్రుని నేల బదులు తన మూత గట్టిదనమును కొలిచెనట. ఇంత దూరము పోయి ఇంత చిన్న విషయమున విధి చేసిన పరిహాసమునకు ఆ శిల్పులే నవ్వుకొనియుందురు.

1985లో వేగా నౌకలు రెండు, హేలీ తోకచుక్కకు పోవు దారిలో శుక్రునివద్ద బుడగలను విడిచెను. హీలియముతో నిండిన ఆ బుడగలు 54 కిలోమీటర్ల యెత్తున, గంటకు రెండువందల కిలోమీటర్లకు మించిన గాలివాటున రమారమి రెండు దినములు తేలియాడి, పదునొకండువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణించినవి. ఆ యెత్తున పీడనము మన భూతలమున నున్నదానిలో సగము; వేడిమి మన రెంటచింతల వేసవికంటె ఎక్కువ కాదు. నేల నరకమైన చోట మేఘమండలము సహ్యమని అప్పుడు తెలిసినది. ఆ తరువాత నేటివఱకు ఏ దేశపు యంత్రమును శుక్రుని నేలపై పనిచేయలేదు. ఇంతవఱకు అచ్చట దిగి మాటలాడిన యంత్రములన్నింటి ఆయుర్దాయమును కలిపినను ఒక్క అహోరాత్రము కానేరదు.

పల్నాటి రాతిలో నున్న జవాబు

ఇంత శ్రమకు ఫలమేమని అడుగువారికి మొదట చెప్పదగినది ఒక వైచిత్ర్యము. శుక్రునిపై పడు సూర్యకాంతి మనపై పడుదానికి దాదాపు రెండురెట్లు. కాని ఆ తెల్లని మేఘములు అందులో నూటికి 75 పాళ్లను తిప్పికొట్టుటచేత, శుక్రుడు లోనికి గ్రహించు వేడిమి భూమి గ్రహించుదానికంటె తక్కువ. ఆ లెక్కన అచ్చటి నేల సున్నాకు దిగువ నలుబది డిగ్రీల ప్రాంతమున గడ్డకట్టియుండవలెను. అట్లు గాక, సూర్యునికి మఱింత చేరువనున్న బుధగ్రహపు మిట్టమధ్యాహ్నమునకంటె మిన్నగా కాగిపోవుచున్నది. తేడా ఐదువందల డిగ్రీలు. ఈ తేడా కంతటికిని కారణము వాయుమండలమొకటే: వెలుగును లోనికి రానిచ్చి, నేల తిరిగి విడుచు వేడిమిని పోనీయక పట్టియుంచు బొగ్గుపులుసు వాయువు.

అట్లయినచో భూమికి ఆ వాయువు లేదా? ఉన్నది; ఇంచుమించు అంతయు ఉన్నది. అది గాలిలో లేదు, రాతిలో నున్నది. వానలు గాలినుండి కడిగి తెచ్చిన బొగ్గుపులుసు వాయువు కోట్ల సంవత్సరములుగా సముద్రములలో సున్నముతో కూడి శిలయై పేరుకొన్నది. పల్నాడున సిమెంటు కర్మాగారములకు త్రవ్వి తీయు సున్నపురాయి, బేతంచెర్లనుండియు తాండూరునుండియు వచ్చి మన యిండ్ల నేలలను చల్లగా నుంచు నాపరాయి, ఇవి యన్నియు ఒకప్పటి గాలి గడ్డకట్టిన రూపములే. భూమియందలి అట్టి శిలలన్నింటిని కాల్చి అందలి వాయువును విడిచినచో, మన ఆకాశమును శుక్రుని ఆకాశమువలెనే బరువెక్కును. ఒకే ఆస్తిని సమముగా పంచుకొన్న అన్నదమ్ములలో ఒకడు దానిని భూమిలో పాతిపెట్టి నిలుపుకొనగా, రెండవవాడు బయట పెట్టుకొని దగ్ధమైపోయినట్లున్నది ఈ కథ.

పాతిపెట్టుటకు కావలసినది నీరు. శుక్రుని నీరేమైనది? 1978 డిసెంబరులో అమెరికావారి పయొనీర్ వీనస్ శోధకములు ఆ వాయుమండలమున దిగి, మామూలు ఉదజనికిని దాని బరువైన రూపమగు డ్యుటీరియమునకును గల నిష్పత్తిని పరీక్షించినపుడు, బరువైనది భూమియందుకంటె నూరురెట్లకు పైగా అధికముగా నున్నదని తేలెను. సూర్యుని అతినీలకాంతి నీటిని విడగొట్టగా తేలికయైన ఉదజని శూన్యమునకు ఎగిరిపోయి, బరువైనది వెనుక మిగిలెననుటకు ఇది చిహ్నము. నీరు ఆవిరియైనకొలది ఆ ఆవిరియే వేడిమిని పెంచును, పెరిగిన వేడిమి మఱింత నీటిని ఆవిరి చేయును. ఒక హద్దు దాటిన పిమ్మట ఈ చక్రమును ఆపువారు లేరు. అమెరికాలో ఆండ్రూ ఇంగర్‌సాల్ 1969లోను, ఇష్తియాక్ రసూల్ తన సహపరిశోధకురాలితో కలిసి 1970లోను ఈ ప్రక్రియను గణితముతో నిరూపించిరి.

అయితే ఆ నీరు ఎన్నడైన సముద్రమై నేలపై నిలిచినదా, లేక ఆవిరిరూపముననే ఉండి తొలినాళ్లలోనే నశించినదా యనునది నేటికిని తెగని వివాదము. 2016లో ఒక గణన, శుక్రునిపై సముద్రములు రెండువందల కోట్ల సంవత్సరములవఱకు నిలిచియుండవచ్చునని చూపగా, 2021లో మఱియొక గణన అచ్చట వాన కురియుటయే జరిగియుండదని వాదించినది. మొదటిది నిజమైనచో ప్రాణికి అనుకూలమైన లోకము మధ్యవయస్సున నశింపగలదని అర్థము. రెండవది నిజమైనచో భూమి బ్రదుకుట పుట్టుకనాటి అదృష్టము. ఈ రెండింటిలో ఏది సత్యమో భూమిపై కూర్చుండి ఎంత గణించినను తేలదు. శుక్రుని గాలిలో మిగిలియున్న జడవాయువులను తూచినగాని, అచ్చటి ప్రాచీన శిలలను గుర్తించినగాని తేలదు.

ఇంటికి చేరిన లాభము

శుక్రుని మేఘములు గంధకికామ్లపువని కాంతిధ్రువణమును పట్టి నిర్ధారించిన వారిలో నొకడు జేమ్స్ హాన్సెన్ అను యువశాస్త్రజ్ఞుడు. 1974లో ఆ పరిశోధనను ప్రకటించి, పయొనీర్ వీనస్ నౌకపై ఒక పరికరమునకు నాయకుడై యుండి కూడ, భూమి వాయుమండలమున బొగ్గుపులుసు వాయువు పెరుగుచున్న తీరును గమనించి, శుక్రుని కొఱకు నేర్చిన విద్యను భూమికి వినియోగించుటకై ఆ పదవిని విడిచెను. 1988లో అమెరికా సెనేటు ఎదుట నిలిచి, భూతాపము పెరుగుట ఆరంభమైనదని సాక్ష్యము చెప్పినవాడు అతడే. శుక్రునియందు క్లోరిన్ నడుపు రసాయనక్రియలను గూర్చి చేసిన పరిశోధనలు, 1970ల నాటి ఓజోను పొర విచారమున శాస్త్రజ్ఞులకు తోడ్పడినవి. భూమి శుక్రునివలె కాగలదని బెదరించుట అతిశయోక్తి. మన బొగ్గంతయు మండించినను అంతదూరము పోము. కాని ఒక వాయుమండలము తన గ్రహమును ఏమి చేయగలదో చూపు ప్రయోగశాల, మనకు అందుబాటులో, అదియొకటే యున్నది.

ఇతర నక్షత్రముల చుట్టును భూమియంతటి గ్రహములు అనేకములు కానవచ్చుచున్న ఈ కాలమున శుక్రుని విలువ మఱియు పెరిగినది. అంతదూరమునుండి దూరదర్శిని ఎక్కువగా చెప్పగలది గ్రహపు పరిమాణమును, దాని నక్షత్రమునుండి దూరమును. ఆ కొలతలతో చూచినచో శుక్రునికిని భూమికిని తారతమ్యము స్వల్పము. పరలోకపు పరిశీలకు డెవడైన మన సౌరకుటుంబమును చూచి, రెండు భూములున్నవని వ్రాసికొనును. ఏది ఏదియో విడదీయు లక్షణమును కనిపెట్టవలెనన్నచో పొరుగింటిలో నేర్చుకొనవలసినదే.

ఆక్షేపణలు, సమాధానములు

పేదరికము తీరని దేశమునకు గ్రహాంతరముల గోల యేలయను ఆక్షేపణ పాతదైనను గౌరవింపదగినది. దానికి లెక్కతో జవాబు చెప్పవలెను. 1,236 కోట్లను 140 కోట్లమందికి పంచినచో తలకు తొమ్మిది రూపాయలైన రావు. అదియు కొన్ని సంవత్సరములలో వ్యయమగునది. అందులో 824 కోట్లు నౌకకే, అనగా ఇచ్చటి శిల్పుల వేతనములకును కర్మాగారముల పనికిని పోవునది. దీనిని నిలిపినచో ఆకలి తీరునని ఎవరును రుజువు చేయలేరు. అయినను చవుకయైనంతమాత్రమున పని మంచిదైపోదు. వ్యర్థమైన పనికి తొమ్మిది రూపాయలును దండుగయే.

రెండవ ఆక్షేపణ, కుజుడుండగా శుక్రుడేల యనునది. కుజునిపై యంత్రములు సంవత్సరములతరబడి తిరుగాడును, శిలలను ఏరును, ఛాయాచిత్రములను పంపును. శుక్రునిపై పెట్టిన పెట్టుబడి రెండు గంటలలో పొగయగును. ఈ వాదమున బలమున్నది. కాని కుజుడు భూమిలో పదింట ఒక వంతు ద్రవ్యరాశి గలవాడు. అతడు చల్లబడి, గాలిని పోగొట్టుకొని, చిన్నవాడై పుట్టినందున క్షీణించినవాడు. భూమియంతటి గ్రహము ఎట్లు చెడునో అతడు చెప్పలేడు. సులభముగా దొరకు జవాబు మనమడిగిన ప్రశ్నకు జవాబు కానపుడు ఆ సౌలభ్యము మనకెందులకు?

మూడవది, యంత్రములు బ్రదుకని చోటికి పంపుట మూర్ఖత యనునది. ఈ మాట కాలమునుబట్టి మాఱుచున్నది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున నాసా గ్లెన్ పరిశోధనాలయమువారు సిలికాన్ కార్బైడుతో చేసిన చిన్న విద్యుత్పరిపథమును శుక్రుని నేలపై నున్నంతటి వేడిమియు, పీడనమును, విషవాయువులును నింపిన పేటికలో నుంచగా, అది ఏ కవచమును లేక 521 గంటలు పనిచేసెను. రెండు గంటలనుండి మూడు వారములకు! అట్టి పరికరము రేపు కొలిమిలోను, ఇంధనయంత్రముల గర్భమునను మనకు పనికివచ్చును. అదియును గాక, దిగక చేయదగిన పనియే మిక్కుటము. 1990నుండి 1994వఱకు మజెల్లన్ నౌక రాడార్ కిరణములతో మేఘములను చీల్చి నేలలో నూటికి 98 పాళ్లను చిత్రించినది. లక్ష్మీ పీఠభూమియని పేరుపడిన విశాలమైన ఎత్తునేలయు, పదునొకండు కిలోమీటర్ల మాక్స్‌వెల్ శిఖరమును అప్పుడు స్ఫుటముగా కానవచ్చినవి. ఆ చిత్రములనే ముప్పదియేండ్ల తరువాత రాబర్ట్ హెరిక్ అను శాస్త్రజ్ఞుడు ఓపికతో పోల్చి చూచి, 1991 ఫిబ్రవరికిని అక్టోబరుకును నడుమ మాట్ పర్వతము చెంత ఒక అగ్నిముఖము వెడల్పై ఆకృతి మాఱెనని 2023లో ప్రకటించెను. శుక్రుని గర్భమున అగ్ని ఇంకను సజీవమనుటకు అంతటి ప్రత్యక్షమైన సాక్ష్యము అంతకుముందు లేదు. ఒకసారి తెచ్చిన సంపద ముప్పదియేండ్లకును వడ్డీ నిచ్చుచున్నది.

ఓర్పునకు వేఱొక నిదర్శనము జపానువారి అకత్సుకి. 2010 డిసెంబరు 7న శుక్రుని చేరియు, ప్రధానయంత్రము చెడుటచేత కక్ష్యలో నిలువలేక దాటిపోయి, సూర్యుని చుట్టును ఐదేండ్లు తిరిగి, 2015లో సరిగా అదే దినమున చిన్నచిన్న తోపుయంత్రముల సాయమున కక్ష్య చేరి, తరువాత ఎనిమిదేండ్లకు పైగా ఆ గాలుల నడకను పరిశీలించినది. శుక్రుడు తనచుట్టు తాను తిరుగుటకు 243 దినములు పట్టుచుండగా మేఘములు మాత్రము నాలుగు దినములలోనే గ్రహమును చుట్టివచ్చు వింతకు మూలమును వెదకిన నౌక అది.

మనము అడుగవలసిన లెక్క

2021 జూన్‌లో అమెరికా రెండు నౌకలను శుక్రునికై ఎన్నుకొన్నది: ఒకటి రాడార్‌తో నేలను సూక్ష్మముగా చిత్రించునది, వేఱొకటి గాలిలోనుండి దిగుచు జడవాయువులను తూచునది. ఐరోపావారు 2024 జనవరిలో ఎన్‌విజన్ అను నౌకకు సమ్మతించిరి. ఈ పోటీలో భారతనౌకకును స్థానమున్నది. అయితే స్థానము దొరకినంతమాత్రమున సార్థకత సిద్ధించినట్లు కాదు.

నా తీర్పు ఇది. శుక్రునిపై వలసలు, మేఘములలో నగరములు అను మాటలు విన సొంపైనవే కాని, అందులకై ఒక రూపాయియు వెచ్చింపదగదు. పతాక మొకటి అచ్చటి కక్ష్యలో నెగురవేసితిమను కీర్తికై పంపుటయు తగదు. కాని మన భూమికి తోబుట్టువైన ఒక లోకము, అంతే ద్రవ్యముతో పుట్టి, ఏ మెట్టున, ఏ కారణమున మన దారినుండి వేఱైపోయెనో తెలిసికొనుటకు పంపుట తగును. దానికి బదులుగా పోదగిన చోటు మఱొకటి లేదు గనుక తప్పక తగును.

కావున పౌరుడు శ్రీహరికోట మంటలను చూచి చప్పట్లు కొట్టుటతో తృప్తిపడక, నౌక కక్ష్య చేరిన రెండు మూడేండ్లకు మూడు ప్రశ్నలు వేయవలెను. మజెల్లన్ చూచిన అగ్నిముఖములు నేడును మండుచున్నవా? ఆ గాలిలోని నీరు ఇప్పుడు ఏ లెక్కన శూన్యమునకు జాఱిపోవుచున్నది? నౌక పంపిన సమాచారము బెంగుళూరులోని అంతరిక్షకార్యాలయపు గదులలో బందీయై యుండక, విశాఖలోను వరంగల్లులోను చదువుకొను విద్యార్థికి సైతము అందుచున్నదా? ఈ మూడింట రెండింటికైన సరియైన జవాబు వచ్చినచో 1,236 కోట్లు సద్వ్యయము. ఒక్కదానికిని రానిచో, ఆక్షేపించినవారి మాటయే నిజమని ఒప్పుకొనవలసియుండును.